ఎదుట అంతా కనిపిస్తుంది, మరి పక్కన?

గాజువాక నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. భర్తకు నలభై ఏడేళ్ళు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా మోటారు సైకిలు మీదే రాకపోకలు. ఎన్నడూ ఎవరినీ గుద్దిన మనిషి కాదు. అలాంటిది ఈ ఆరు నెలల్లో ఎడమ పక్క నుంచి వచ్చిన ఆటో ఒకసారి, ఆవు ఒకసారి తగిలాయట. "రెండుసార్లూ నేను వెనక కూర్చునే ఉన్నాను డాక్టరుగారూ. నాకు అంత దూరాన కనిపించిన ఆవు ఆయనకు కనిపించలేదంటే ఏమనుకోవాలి? కళ్ళజోళ్ళ షాపులో అక్షరాల బోర్డు ఆఖరి వరుస దాకా గడగడా చదివేశారు. బండి మీద ధ్యాస లేదని రోజూ పోట్లాడుతున్నాను" అని ఆమె రాసిన మాట.

అమ్మా, ఆ పోట్లాట కొన్నాళ్ళు ఆపండి. ధ్యాస లేకపోవడమే కావచ్చు. కాకపోవచ్చు కూడా.

అక్షరాల బోర్డు పరీక్షించేది నడిమి చూపును మాత్రమే. కంటి లోపల రెటీనా అనే పొర మధ్యన గుండుసూది తలకాయంత చోటు ఉంది. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషిని గుర్తుపట్టడం దాని పని. మిగిలిన పొర అంతా పక్కచూపుకే. ఒక్కొక్క కన్ను చెవి వైపు సుమారు 90 డిగ్రీలకు పైగా, ముక్కు వైపు 60 డిగ్రీల వరకు చూస్తుంది. రెండు కళ్ళూ కలిస్తే అర్ధచక్రం కంటే కొంచెం ఎక్కువే.

ఈ పక్కచూపుకు అక్షరం ముక్క చదవడం రాదు. కానీ కదలికను ఇట్టే పట్టేస్తుంది. మీరు పేపరు చదువుతుంటే గోడ మీద బొద్దింక పాకిందనుకోండి. అది బొద్దింకో బల్లో తెలియకముందే తల అటు తిరుగుతుంది. సందులోంచి దూసుకొచ్చే ఆటోను కూడా అలాగే పట్టుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. పక్కచూపులు చూడకూడదని పిల్లలకు బుద్ధులు చెబుతాం గాని, బండి ఎక్కిన వాడికి అవి లేకపోతే కష్టమే సుమండీ!

మరి ఆ చూపు తగ్గితే మనిషికి తెలియదా? తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. పక్కన నల్లగా తెర పడ్డట్టు ఏమీ కనిపించదు. నమ్మకం లేకపోతే ఈ చిన్న పని చేసి చూడండి. తెల్ల కాగితం మీద ఎడమ పక్క ఒక ఇంటూ గుర్తు, దానికి కుడి పక్క ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఒక నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెచ్చుకోండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి చుక్క మాయమవుతుంది. అక్కడ కన్నం పడిందా? లేదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది! కంటి నరం బయలుదేరే చోట మనందరికీ పుట్టుకతోనే చూపు లేదు. ఆ ఖాళీని మెదడు చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. జబ్బు వల్ల పోయిన చూపునూ అలాగే పూడుస్తుంది. ఆవు ఉండవలసిన చోట ఖాళీ రోడ్డు కనిపిస్తుంది.

అలాంటి జబ్బుల్లో ముఖ్యమైనది గ్లాకోమా. మన పెద్దలు నీటికాసులు అనేవారు. కంటి లోపలి నీటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 వరకు ఉంటుంది. అది పెరిగితే, కొందరిలో పెరగకపోయినా, కంటి నరంలోని సుమారు పది లక్షల పోగులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. తరచు వచ్చే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. నడిమి చూపు చివరి దాకా నిలుస్తుంది. మొదట్లో ఒక కంటి లోపాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది కూడా. 1990ల చివర హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు జరిపిన సర్వేలో ఈ జబ్బు బయటపడిన వారిలో చాలామందికి, అది తమకు ఉన్నట్టు అంతవరకు తెలియనే తెలియదు.

నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉన్నవారు, డాక్టరుకు చెప్పకుండా నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు ఉన్నదాన్ని కాపాడుతుంది, అంతే. కుర్రవాళ్ళలో, ముఖ్యంగా మేనరికపు సంతానంలో, రేచీకటితో మొదలై పక్కచూపును తినేసే రెటీనా జబ్బు ఒకటుంది. అది వేరే సంగతి, మరోసారి రాస్తాను. ఉన్నట్టుండి ఒక పక్క తెర దిగినట్టయితే మాత్రం వారం దాకా ఆగకండి. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.

నలభై దాటిన వారి లైసెన్సు పునరుద్ధరణకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. దానికోసం వచ్చేవారిలో కొందరు కుర్చీలో కూర్చోకుండానే కాగితం ముందుకు తోసి, "సంతకం చాలు సార్" అంటారు. నేను కూర్చోబెడతాను. విసుక్కుంటారు, విసుక్కోనీండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. సోదరీ, మీరూ ఆయనా చెయ్యి చాపినంత దూరంలో ఎదురెదురుగా కూర్చోండి. ఆయన ఎడమ కన్నూ, మీరు కుడి కన్నూ మూసుకుని, తెరిచిన కళ్ళలోకి చూసుకోండి. (పెళ్ళయిన కొత్తలో తప్ప మళ్ళీ చేసి ఉండరు!) మీ ఇద్దరికీ సరిగ్గా మధ్యన, పక్క నుంచి మీ వేలు ఆడిస్తూ లోపలికి తీసుకురండి. పై నుంచి, కింద నుంచి కూడా. ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి కనిపించాలి. తర్వాత రెండో కన్ను. మీకు కనిపించి ఆయనకు కనిపించకపోతే అనుమానించవలసిందే. బాగానే కనిపించినా జబ్బు లేదని కాదు. తొలి దశ ఈ పరీక్షకు దొరకదు.

కన్ను బాగున్నా దాన్ని మనమే మూసేయడం ఉంది. ఎండకని చెంపల మీదుగా చుట్టే తువ్వాలు, భుజానికీ చెవికీ మధ్య నొక్కిన సెల్‌ఫోను, లోపలికి మడిచేసిన అద్దాలు. "హెల్మెట్టుతో పక్కలు కనపడవండీ" అనే సాకు మాత్రం నేను ఒప్పుకోను. అమెరికా ప్రమాణం ప్రకారం హెల్మెట్టు నడిమధ్య నుంచి అటూ ఇటూ 105 డిగ్రీలు తెరిచి ఉండాలి. కన్ను చూసేదే అంతకు మించదు. అడ్డొచ్చేది ఉప్పుగాలికీ దుమ్ముకీ మసకబారి, గీతలు పడిన ముందు అద్దం. దాన్ని మార్చండి. కాన్వెంటు జంక్షను, షీలానగర్ దారుల్లో పోర్టు ట్రెయిలర్ల ఎడమ పక్కన నడవకండి. డ్రైవరు అద్దంలో అతని ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించనట్టే. మీ అద్దాలు వెనక చూపిస్తాయి గాని భుజం పక్కన ఉన్నదాన్ని చూపించవు. తిరిగేముందు తల తిప్పి చూడాలి.

సోదరీ, ఆయన్ని విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కంటి ఒత్తిడి, నరం పరీక్ష, ఫీల్డ్ టెస్టు, ఈ మూడూ అడగండి. ఆయాసం గాని ఉబ్బసం గాని ఉంటే మందు రాసేముందే డాక్టరుకు చెప్పండి. కొన్ని గ్లాకోమా చుక్కలు వారికి పడవు. ఫలితం తేలేదాకా ఆయన బండి తీయకూడదు. పరీక్షకు కనుపాప విప్పే చుక్కలు వేస్తే ఆ తర్వాత కొన్ని గంటలు కళ్ళు మసకగా ఉంటాయి. కాబట్టి రానూ పోనూ బస్సులోనే.