ముందు ఊరు చూడండి, తరువాత ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ దేశంలో మనం ఇల్లు కట్టం, కొంటాం. కొనేటప్పుడు ఎన్ని పడకగదులు, బేస్‌మెంటు పూర్తయిందా లేదా, వాకిలి తూర్పుకా ఉత్తరానికా, కారుషెడ్డులో ఎన్ని కార్లు పడతాయి అని చూస్తాం. ఇవన్నీ తేలాక, ఆ ఇల్లు ఏ ఊళ్ళో ఉందన్న సంగతి చిట్టచివరికి వస్తుంది. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఇల్లు నచ్చకపోతే గోడలకు రంగు మార్చుకోవచ్చు, వంటగది పగలగొట్టి మళ్ళీ కట్టించుకోవచ్చు. ఊరు నచ్చకపోతే చేయగలిగింది ఏమీ లేదు.

మన సంఘం ఉగాది సంబరాలకు ఏటేటా కొత్త కుటుంబాలు వస్తున్నాయి. భోజనాల దగ్గర వాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "టొరాంటోలో కొనలేమండీ. కేంబ్రిడ్జ్ ఎలా ఉంటుంది?" దీనికి రెండు రకాల జవాబులు వస్తాయి. ఇక్కడ ఇల్లు కొన్నవారు "బ్రహ్మాండం" అంటారు. మిస్సిసాగాలో ఉన్నవారు "అక్కడేముందండీ!" అంటారు. ఎవరి ఇంటిని వారు సమర్థించుకోవడమే తప్ప, అడిగినవారికి రెండింటివల్లా ప్రయోజనం లేదు. వారికి పనికొచ్చే నాలుగు మాటలు రాయాలనే ఈ ప్రయత్నం.

కేంబ్రిడ్జ్ అంటే మన ఊళ్ళో బంధువులకు ఇంగ్లండు విశ్వవిద్యాలయం గుర్తుకొస్తుంది. "అబ్బాయి కేంబ్రిడ్జ్‌లో ఉన్నాడు" అని నాన్నగారు నలుగురిలో అంటే, ఆ నలుగురూ ఏమనుకుంటారో ఆయనకూ తెలుసు, అయినా సరిదిద్దరు! మన కేంబ్రిడ్జ్ వయసు ఆ పేరున్న ఊళ్ళలో చాలా తక్కువ. 1973లో గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే మూడు పాత ఊళ్ళను, బ్లెయిర్ అనే పల్లెను కలిపి ఈ నగరం చేశారు. ప్రెస్టన్‌కు ఒకప్పుడున్న కేంబ్రిడ్జ్ మిల్స్ అనే పాత పేరు నుంచే కొత్త పేరు వచ్చింది. గ్రాండ్ నదికి ఇరువైపులా ఉన్న భూమిని 1784లో సిక్స్ నేషన్స్ ఆదివాసులకు ఇచ్చారు. 1816లో విలియం డిక్సన్ అందులో 90,000 ఎకరాలకు పైగా కొని స్కాట్లండు వారిని తెచ్చి నిలిపాడు. అలా పెరిగింది గాల్ట్. ప్రెస్టన్ పెన్సిల్వేనియా నుంచి వచ్చిన మెన్నొనైట్లు, జర్మన్లు స్థిరపడిన ఊరు. హెస్పెలర్ స్పీడ్ నది ఒడ్డున ఉన్ని మిల్లుల ఊరు. 2021 జనాభా లెక్కల ప్రకారం మూడూ కలిసి 1,38,479 మంది.

ఈ చరిత్రంతా ఇల్లు కొనేవాడికెందుకు అంటారేమో. చాలా అవసరం. యాభై ఏళ్ళు దాటినా ఈ మూడు ఊళ్ళూ పూర్తిగా ఒకటి కాలేదు. పాతవాళ్ళను అడిగితే ఇప్పటికీ "మాది హెస్పెలర్" అనే అంటారు. మూడింటికీ విడివిడిగా ప్రధాన వీధి ఉంది, గ్రంథాలయం ఉంది, నది ఒడ్డు ఉంది, నడిచి వెళ్ళగలిగిన దుకాణాలున్నాయి. వీటి మధ్యా, చుట్టూ ఉన్న పొలాల్లో కొత్త ఇళ్ళ వరసలు లేచాయి. అక్కడ ఇళ్ళు పెద్దవి, కానీ పాలపాకెట్టుకు కూడా కారు తీయాలి. కాబట్టి "కేంబ్రిడ్జ్ ఎలా ఉంటుంది" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఏ కేంబ్రిడ్జ్ అన్నది ముందు తేల్చుకోవాలి.

పట్నం పక్కన ఊరన్నది మనకు కొత్త సంగతేమీ కాదు. తెనాలిని చూడండి. గుంటూరుకు పాతిక కిలోమీటర్లు, విజయవాడకు రైలెక్కితే దగ్గరే. అయినా తెనాలి ఎవరికీ తోక కాలేదు. సొంత బజారు, సొంత నాటకాలు, సొంత పత్రికలు, సొంత గర్వం ఉన్న ఊరు. కొడవటిగంటి కుటుంబరావుగారు, చక్రపాణిగారు అక్కడివారే. సీజన్ టికెట్టు కొనుక్కుని రోజూ పక్క పట్నాలకు ఉద్యోగాలకు వెళ్ళేవారు కూడా సాయంత్రం దిగాక తెనాలి మనుషులే. పట్నానికి దగ్గరగా ఉండటం వేరు, పట్నానికి పడకగదిగా ఉండటం వేరు. మనం ఎంచుకోవలసింది మొదటి రకం ఊరు. కేంబ్రిడ్జ్‌కు ఆ యోగ్యత ఉందని నేను నమ్ముతాను. అయితే ఆ యోగ్యతను వాడుకునేది ఎందరు?

ఇక ప్రయాణం లెక్క. ఇక్కడినుంచి టొరాంటో నడిబొడ్డుకు సుమారు 100 కిలోమీటర్లు. రానూపోనూ 200. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకోండి, 48,000 కిలోమీటర్లు. రోజుకు మూడు గంటలనుకుంటే, మంచు పడిన రోజుల్లో అంతకన్నా ఎక్కువే, ఏడాదికి 720 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి 30 రోజులు. ఏడాదిలో ఒక నెల పూర్తిగా 401 హైవే మీద కాపురం! ఇంటిధరలో మిగిలిన డబ్బును చూసేవారు ఈ నెలకు వెల కట్టడం లేదు. టొరాంటోలో కొంటే 2008 నుంచి రాష్ట్రానికి ఒకటి, నగరానికి ఒకటి, రెండు బదిలీ పన్నులు కట్టాలి, ఇక్కడ రాష్ట్రానిది ఒక్కటే. నిజమే, అది లాభమే. కానీ ఆ లాభం ఒక్కసారి వచ్చేది. ప్రయాణం మాత్రం ప్రతిరోజూ ఉండేది.

రైలుందిగా అని కొందరంటారు. గో రైలు కిచెనర్‌కు వస్తుంది, మిల్టన్‌కు వస్తుంది, మధ్యలో ఉన్న మనకు మాత్రం రాదు. కేంబ్రిడ్జ్‌కు తేవాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. 2019లో మొదలైన అయాన్ పట్టాల బండి కూడా వాటర్లూ నుంచి కిచెనర్ ఫెయిర్‌వే దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి గాల్ట్‌కు బస్సే. "త్వరలో వస్తుంది" అని ఇల్లు అమ్మేవారు చెప్పే రైలును నమ్మి ఇల్లు కొనకండి. వచ్చిన రోజున సంతోషించండి, రాని రోజులకు సిద్ధపడి కొనండి.

2020లో కరోనా వచ్చి ఇంటినుంచే పని మొదలైనప్పుడు, చాలామంది ఈ లెక్కే అక్కర్లేదనుకున్నారు. టొరాంటో చుట్టుపక్కల చిన్న ఊళ్ళలో ధరలు ఆకాశానికెక్కి, 2022 మొదట్లో శిఖరానికి చేరాయి. ఆ ఏడాది మార్చి దాకా పావు శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ 2023 జులైకి 5 శాతమయింది. ఇంతలో ఆఫీసులు "వారానికి రెండు రోజులు రండి, మూడు రోజులు రండి" అనడం మొదలుపెట్టాయి. వడ్డీ తరువాత తగ్గిన మాట నిజమే గాని, ఆ రెండేళ్ళలో నలిగిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. ఉద్యోగం ఇవాళ ఇంట్లో ఉందని, ఎల్లకాలం ఇంట్లోనే ఉంటుందనుకోరాదు. అందుకే నేను చెప్పే మొదటి నియమం ఇది: భార్యాభర్తలిద్దరిలో ఒక్కరి జీవనాధారమైనా ఇటువైపు ఉండాలి, లేదా ఇటువైపు దొరికే రకమైనదిగా ఉండాలి.

అటువంటి అవకాశం ఈ ఊళ్ళో ఉంది. 1988లో టొయోటా ఇక్కడ కార్ల తయారీ మొదలుపెట్టింది. జపాన్ వెలుపల మొట్టమొదటి లెక్సస్ కారు 2003లో ఇక్కడే తయారయింది. ఉపగ్రహాల పరికరాలు చేసిన కామ్‌డెవ్ ఈ ఊరి సంస్థే, 2016లో హనీవెల్ దానిని కొన్నది. అణువిద్యుత్ కేంద్రాలకు ఆవిరి పుట్టించే పరికరాలు చేసే కర్మాగారం గాల్ట్‌లో ఉంది. పక్కనే వాటర్లూ విశ్వవిద్యాలయం, దాని చుట్టూ సాఫ్ట్‌వేరు సంస్థలు. అటు గ్వెల్ఫ్, ఇటు హామిల్టన్ గంట లోపు దూరం. తూర్పుకే చూడటం అలవాటైన మన కళ్ళు ఒకసారి మిగతా దిక్కులు కూడా చూడాలి.

రెండో నియమం ఇంకా ముఖ్యమైనది. ఇంట్లో కారు నడపనివారు ఎవరో, ఊరిని వారి కళ్ళతో చూడాలి. 2022 జులై నుంచి సూపర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులు ఒక్కసారి వస్తే ఐదేళ్ళు ఉండవచ్చు. మంచిదే. కానీ ఆ ఐదేళ్ళూ వాళ్ళెక్కడ ఉంటారు? జీవితమంతా సాయంత్రం నాలుగడుగులు వేసి, కూరలు బేరమాడి, అరుగు మీద నలుగురితో మాట్లాడిన మనిషిని తెచ్చి, రోడ్డు మీద మనిషి కనిపించని వీధిలో, ఉదయం ఏడింటికి అందరూ వెళ్ళిపోయే ఇంట్లో పెడుతున్నాం. అత్తగారు, మామగారు నోరు తెరిచి చెప్పరు. "బాగానే ఉంది నాయనా, ఇల్లు పెద్దది" అంటారు. కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి పరిస్థితీ అదే, పదిహేనేళ్ళ పిల్లవాడి పరిస్థితీ అదే. ఇల్లు రెండు గదులు చిన్నదైనా ఫరవాలేదు. బస్సు ఆగే చోటు, గ్రంథాలయం, ఒక పార్కు, ఒక కొట్టు నడిచి వెళ్ళే దూరంలో ఉండాలి. గాల్ట్ నది ఒడ్డున పాత తపాలా కార్యాలయాన్ని 2018లో గ్రంథాలయంగా మార్చారు. ప్రెస్టన్‌లో రివర్‌సైడ్ పార్కు ఉంది. ఇవి డబ్బు పెట్టి కొనక్కర్లేని ఆస్తులు, వాటికి దగ్గరగా ఉంటే చాలు.

చిన్నవిగా కనిపించే మరి రెండు సంగతులు. ఇక్కడి నీళ్ళు ఎక్కువ భాగం బావులవి, బాగా కఠినమైనవి. నీటిని మెత్తపరిచే యంత్రం లేకపోతే కొళాయిలు తెల్లగా గార కడతాయి, సబ్బు నురగ రాదు. కందిపప్పు సరిగా ఉడకలేదని కుక్కరును తిట్టకండి! రెండోది నది. 1974 మే 17న గ్రాండ్ నది పొంగి గాల్ట్ వీధులను ముంచెత్తింది. తరువాత వరద గోడలు కట్టారు. నది దగ్గర ఇల్లు చూసేవారు ఆ ఇల్లు వరద ప్రాంతంలో ఉందో లేదో గ్రాండ్ రివర్ కన్జర్వేషన్ అథారిటీ పటాల్లో చూసుకోవాలి. వాళ్ళ కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. కృష్ణా గోదావరుల ఒడ్డున పుట్టినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇక చివరిది, నా మనసుకు దగ్గరైనది, మన భాష. "చిన్న ఊళ్ళో మనవాళ్ళుండరు, పిల్లలకు తెలుగు రాదు" అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. పెద్ద నగరంలో వేలమంది తెలుగువారున్నారు, నిజమే. అక్కడి పిల్లలందరికీ తెలుగు వచ్చిందా? భాష జనసంఖ్య వల్ల రాదు, ఒకచోట చేరడం వల్ల వస్తుంది. ఒంటారియోలో 1977 నుంచి వారసత్వ భాషల తరగతులున్నాయి, ఇప్పుడు వాటిని అంతర్జాతీయ భాషల తరగతులంటున్నారు. ఒక పాఠశాలా బోర్డు పరిధిలో 25 మంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే ఆ భాషలో తరగతి పెట్టాలన్నది నియమం. వారానికి రెండున్నర గంటల వరకు చెబుతారు. ఇరవై అయిదు మంది! వాటర్లూ ప్రాంతమంతటికీ ప్రభుత్వ పాఠశాలల బోర్డు ఒక్కటే గనుక కిచెనర్, వాటర్లూ పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. మన ఉగాది నాటికలో వేషం కట్టే పిల్లలను లెక్కపెట్టుకుంటూ పోతే సగం దూరం అక్కడే వస్తాం. లేనిది పిల్లలు కాదు, సంతకాలు.

అసలు ఇబ్బంది మరొకటుంది. మనలో చాలామంది ఇల్లు ఇక్కడ పెట్టి మనసు మిస్సిసాగాలో పెడుతున్నారు. శుక్రవారం సాయంత్రం కారెక్కితే ఆదివారం రాత్రికి తిరిగి రావడం. సరుకులు అక్కడ, గుడి అక్కడ, స్నేహితులు అక్కడ, డాన్సు క్లాసు అక్కడ. రిచ్‌మండ్ హిల్ గుడికి పండుగనాడు వెళ్ళడంలో తప్పులేదు, అది పుణ్యం. కానీ పక్కింటివారి పేరు తెలియకుండా, ఊరి మేయరు ఎన్నికలో ఓటు వేయకుండా పదేళ్ళు గడిపి, "ఈ ఊళ్ళో ఏమీ లేదు" అనడం న్యాయం కాదు. ఊళ్ళో ఉండవలసింది మనమే కదా!

కాబట్టి మన సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. ఒకటి, కొత్తగా ఊరు చూడడానికి వచ్చే కుటుంబాన్ని ఒక పూట బస్సులో, కాలినడకన తిప్పి చూపడానికి గాల్ట్‌లో ఒకరు, ప్రెస్టన్‌లో ఒకరు, హెస్పెలర్‌లో ఒకరు ముందుకు రావాలి. కొనేముందు ఒక చలికాలం అద్దెకుండమని వారికి గట్టిగా చెప్పాలి. జూన్‌లో ఏ ఊరైనా అందంగానే ఉంటుంది, ఫిబ్రవరిలో నచ్చితేనే నచ్చినట్టు. రెండు, ఈ వేసవి లోపల 25 మంది పిల్లల పేర్లతో బోర్డుకు అర్జీ పెట్టాలి. మూడు, ఏడాదికి ఒక్క పండుగైనా ఈ ఊరి పార్కులో, ఇరుగుపొరుగును పిలిచి చేయాలి. వాళ్ళు మన పులిహోర తింటే, మనం వాళ్ళ ఊరివారమవుతాం.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటాయి. చేదు ఉందని ఎవరూ గిన్నె పక్కన పెట్టరు, తీపి ఒక్కటే ఉంటే దానిని పచ్చడి అనరు. ఊరు కూడా అంతే. రైలు లేదు, చలి ఉంది, నీళ్ళు గట్టివి. నది ఉంది, పని ఉంది, నడవడానికి వీధి ఉంది. అన్నీ తెలిసి ఎంచుకున్నవారికి ఏ చిన్న ఊరైనా సొంత ఊరే అవుతుంది.