బ్రేకాయిల్ పోయడం రిపేరు కాదు మావా!

ఈసారి పంట గురించి కాదు, పంట మోసే బండి గురించి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మన దగ్గర తిరిగే పాత టాటా ఏస్ ఏదైనా డోరు తీసి చూడండి. దేవుడి ఫొటో కింద ఒక బ్రేకాయిల్ డబ్బా ఉంటుంది. సగం ఖాళీ, మూత వదులు. పెడల్ మెత్తబడితే కాస్త పోస్తారు, రెండుసార్లు పంపు కొడతారు, పట్టిందనిపిస్తే ఘాట్ ఎక్కేస్తారు. నాకు ఈ అలవాటు మీదే కోపం. బ్రేకాయిల్ డీజిల్‌లా ఖర్చయిపోయేది కాదండీ. మూసి ఉన్న గొట్టాల్లో ఉండే ఆయిల్ అది. ప్యాడ్లు, లైనర్లు అరిగేకొద్దీ నెలల మీద లెవెల్ కొంచెం దిగుతుంది, అది మామూలే. వారానికోసారి పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతోంది. పోసిన ప్రతిసారీ ఆ కారే చోటుని ఇంకో వారం దాచిపెడుతున్నాం, అంతే.

మనకి మూడు పక్కలా కొండ, ఒక పక్క సముద్రం. కాయైనా కూరగాయైనా గాజువాక వైపు పోవాలంటే ఘాట్ ఎక్కి దిగాల్సిందే. ఇక్కడ ఒక లెక్క చెప్తాను. సరుకుతో కలిపి టన్నున్నర ఉన్న బండి 100 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకుల మీదే దిగితే, ఆ డ్రమ్ముల్లో డిస్కుల్లో పుట్టే వేడి నాలుగైదు లీటర్ల చన్నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడిలో కొంత వీల్ సిలిండర్లో ఉన్న ఆయిల్‌కి కూడా తగులుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. కానీ బ్రేకాయిల్ ఉప్పులాంటిది, గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. చెమ్మ పట్టిన డాట్ 3కి ఆ హద్దు 140కి పడిపోతుంది. సముద్రపు గాలిలో మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఆయిల్ సంగతి మీరే ఆలోచించుకోండి. ఆయిల్ మరిగితే గొట్టంలో బుడగలు వస్తాయి, పెడల్ నేలకి తగిలిపోతుంది. బండి ఓ గంట ఆపితే చల్లారి మళ్లీ పడుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "బాగానే ఉంది కదా" అంటాడు. అతను అబద్ధం చెప్పట్లేదు, చల్లారాక బాగానే ఉంటుంది మరి! అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయాలి. అర లీటరు డబ్బా నాలుగైదు కొబ్బరి బొండాల ఖరీదు. బండికి ఏ డాట్ రాసుంటే అదే, సీలు తీయని డబ్బాలోదే. లేదు కదా అని ఇంజినాయిల్ పోశారో, లోపలి రబ్బరు కప్పులన్నీ ఉబ్బి మొత్తం మార్చాల్సి వస్తుంది.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దిగేవాళ్లున్నారు. ఇంజిన్ కూడా ఆపేసే మహానుభావులున్నారు. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ ఎలాగూ దాదాపు పడదు, పైగా బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది. ఇంజిన్ ఆపితే బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందదు. రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయి అయిపోతుంది. ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి.

ఇప్పుడు అసలు విషయం. పెడల్ మాట్లాడుతుంది, మనం వినాలి. కారే చోటు తెలియక డబ్బా పోసేవాళ్లకే కాదు, షాపులో "అన్నీ మార్చేయాలి" అంటే జేబు తడుముకునే వాళ్లకీ ఇది పనికొస్తుంది. ఇంజిన్ ఆన్ చేసి, బండి చదును మీద నిలబెట్టి, పెడల్‌ని ఒక నిమిషం సమానంగా నొక్కి పట్టుకోండి. మెల్లమెల్లగా కిందికి జారుతోందా? బయట ఎక్కడా తడి లేదా, ఆయిల్ లెవెల్ కూడా తగ్గట్లేదా? అయితే మాస్టర్ సిలిండర్ లోపల కప్పులు అరిగాయి. దీనికి నాలుగు చక్రాలు విప్పక్కర్లేదు. పెడల్ స్పంజిలా మెత్తగా ఉండి, పంపు కొడితే గట్టిపడుతోందంటే లైన్లో గాలి ఉంది. మెత్తగా లేదు గానీ చాలా లోతుకి దిగాక పడుతోంది, రెండోసారి తొక్కితే పైనే పడుతోందంటే ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో షూల గ్యాప్ పెరిగినట్టు. లైనర్ ఇంకా మిగిలుంటే ఇది సర్దుబాటు పనే, పైసా సామాను కూడా అక్కర్లేదు.

పెడల్ మొదటినుంచీ గట్టిగా ఉండి బండి ఆగట్లేదంటే బూస్టర్ చూడాలి. ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు తీయకుండానే స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త లోపలికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగలేదంటే బూస్టర్ మార్చమని పరుగెత్తకండి, ముందు వ్యాక్యూమ్ పైపు పగిలిందేమో, పంపు లాగుతోందో లేదో చూడమనండి. చాలాసార్లు పైపుతోనే పోతుంది. బూస్టర్ బాగుంది, పెడల్ పైనే ఉంది, ఘాట్ సగంలో కాలిన వాసనొచ్చి బండి ఆగనంటోందంటే లైనర్లు వేడెక్కి పట్టు వదిలేస్తున్నాయి. అది గేరు తప్పు, సామాను తప్పు కాదు.

బ్రేకు కొడితే బండి ఒక పక్కకి లాగుతోందా? ఒక చక్రం పనిచేస్తోంది, రెండోది చేయట్లేదు. మనవైపు ఉప్పు గాలికి ముందు కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలు. లేదంటే ఒక డ్రమ్ములో లైనర్ నూనెపాలైంది. డ్రమ్ము విప్పాక ఆ నూనె ఏదో చూసుకోండి. పల్చగా ఉంటే బ్రేకాయిల్, వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తితే తడి కనిపిస్తుంది. చిక్కగా, ఘాటుగా కంపు కొడితే గేరాయిల్, హౌసింగ్ సీలు పోయినట్టు. ఆ సీలు మార్చకుండా లైనర్లు మారిస్తే నెలకే మళ్లీ తడుస్తాయి. తడిసిన లైనర్‌ని పెట్రోల్‌తో కడిగి, నిప్పు పెట్టి కాల్చి మళ్లీ బిగించడం నేను చూశాను. దయచేసి ఒప్పుకోకండి. రెండు పక్కలా మార్చండి, ఒక్క పక్క మారిస్తే మళ్లీ లాగుతుంది. డ్రమ్ములో దుమ్ముని ఎయిర్‌తో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి చెడ్డది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది చాసిస్ వెంట, వెనక యాక్సిల్ మీదుగా పోయే ఇనుప పైపులు. క్లిప్పుల దగ్గర ఇసక, మట్టి, ఉప్పు చేరి లోలోపలే తింటాయి. వైరు బ్రష్‌తో గీకండి. పొరలు రాలితే ఆ పైపు మొత్తం మార్చాల్సిందే. చిల్లుపడిన చోట కోసి రబ్బరు గొట్టం తొడిగి క్లాంపు వేయడం కుదరదు. గట్టిగా తొక్కినప్పుడు ఆ పైపులో ఒత్తిడి మన పవర్ స్ప్రేయర్ని మించిపోతుంది. డ్రిప్ పైపు కాదది.

ఏది మార్చినా చివర్లో గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టడం సాధారణ పద్ధతి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు నిపుల్ వదులు చేసి, పెడల్ లేవకముందే బిగిస్తారు. బుడగలు ఆగేదాకా అంతే. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకూడదు, బయటికొచ్చిన ఆయిల్ మళ్లీ పోయకూడదు. మన బళ్లకి నిపుళ్లు తుప్పుతో విరిగిపోతాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి.

"ఎఫ్‌సీ ఉంది కదా" అంటారు. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి, నిజమే. కానీ అది ఒక రోజు పరీక్ష. ఘాట్ రోజూ పెడుతుంది, లోడు మీద పెడుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. తిరుగు బండిలో ఖాళీ క్రేట్ల మీద కూర్చోబెట్టి కూలీకొచ్చిన ఆడవాళ్లనీ, బడి పిల్లల్నీ తెస్తాం కదా, ఊరి మంచితనం కొద్దీ. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. చట్టం 1994 సవరణతో లెక్కలోకి తీసుకున్నది సరుకుతో వెళ్లే యజమానినీ, అతని తరఫు మనిషినీ. మిగతావాళ్లకి ఏమైనా జరిగితే బండి ఓనరు పొలం అమ్ముకోవాలి. పొలం అమ్మినా పోయిన మనిషి రాదు.

ఖర్చు గురించి అడుగుతారు. మామిడికి రేటు లేని ఏడాది అన్నీ ఒకేసారి చేయించలేం, నాకూ తెలుసు. అలాంటప్పుడు వరస ఇది. ముందు కారేది ఆపండి. తర్వాత తుప్పు పైపులు, ఆ తర్వాత ఆయిల్ మార్పు, చివర లైనర్లు. ఇనుము ఇనుముకి తగిలి కీచుమంటుంటే మాత్రం లైనర్లే ముందు. కారుతున్న బండి ఆ రోజుకి ఘాట్ ఎక్కకూడదు, అంతే. లోడుకి ఇంకో బండి మాట్లాడుకోండి. షాపులో విప్పిన పాత సామాను అడిగి తీసుకోండి.

ఆదివారం పొద్దున్న మా కళ్లం దగ్గర జాకీ, రెండు స్టాండ్లు, స్పానర్లు, చక్రాల కింద పెట్టడానికి కర్రదుంగలు ఉంటాయి. ఎవరి బండైనా తెచ్చుకోవచ్చు. సీలు తీయని ఆయిల్ డబ్బా, పెడల్ తొక్కడానికి ఒక మనిషి మీవి.