పొరుగు రాష్ట్రపు నెంబరు



కొండపల్లి నుండి ఇబ్రహీంపట్నం పోయే బాటలో ఒక పూట నిలబడి వాహనాల నెంబరు ప్లేట్లను గమనిస్తే మన ప్రాంతపు ఇటీవలి చరిత్ర కళ్ళముందు నడిచిపోతుంది. ఎపి 16 పాత కృష్ణా జిల్లాది. ఎపి 39 రాష్ట్రమంతటికీ ఒకే వరుసగా 2019లో మొదలైనది. టిఎస్ అంటే 2014లో విభజన జరిగిన తరువాత తెలంగాణలో నమోదైనది. టిజి అంటే 2024 మార్చి తరువాత అక్కడే నమోదైనది. వీటి నడుమ అప్పుడప్పుడు ఎపి 09 కూడా కనబడుతుంది. "ఇది ఎపి బండే కదా, మార్చవలసిన పనేముంది?" అని దాని యజమాని ధీమాగా ఉంటాడు. ఎపి 09 ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు ఖైరతాబాదు కార్యాలయపు సంఖ్య. దాని దస్త్రం నేడు తెలంగాణలో ఉన్నది. పేరు మార్చాలన్నా, చిరునామా మార్చాలన్నా కాగితం అక్కడి నుండే కదలాలి.

పని కోసం హైదరాబాదు వెళ్ళి, కొన్నేళ్ళకు భార్యాబిడ్డలతో సొంత ఊరికి చేరుకునే యువకులు మన మొహల్లాలలో తక్కువేమీ కాదు. సామానుతో పాటు బండీ వస్తుంది. మరునాడే పోలీసులు పట్టుకుంటారని కొందరు భయపడతారు; ఎన్నేళ్ళయినా ఏమీ కాదని మరికొందరు నిశ్చింతగా ఉంటారు. రెండూ సరికావు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నెంబరు తీసుకోవాలి.

అందుకు ముందుగా పాత కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. అందరూ ఎన్ఓసి అనేది దీనినే. దరఖాస్తు 28వ ఫారం. ఛాసిస్ నెంబరును పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి దానికి జతచేస్తారు. దొంగతనం కేసు ఏదీ లేదని పోలీసుల నివేదిక వచ్చాక, పన్ను బకాయి లేదని చూసుకొని పత్రం ఇస్తారు. మనవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. దరఖాస్తు అందిన ముప్పది దినాలలోగా ఇవ్వడమో నిరాకరించడమో తెలియజేయకపోతే, పత్రం ఇచ్చినట్లే భావించాలని 48వ సెక్షను చెబుతున్నది. అప్పుడు దరఖాస్తు రసీదుతో, జవాబు రాలేదన్న ప్రకటనతో కొత్త రాష్ట్రంలో ముందుకు సాగవచ్చు. రసీదు పోగొట్టుకున్నవాడికి మాత్రం ఈ సదుపాయం అక్కరకు రాదు. బండిపై అప్పు ఉంటే అప్పిచ్చినవారి సమ్మతి కూడా కావాలి. వారూ ఏడు దినాలలో జవాబు చెప్పాలి.

ఇదంతా సొంత బండి సంగతి. నన్ను కలవరపెడుతున్నది చేతులు మారిన బండ్ల సంగతి. హైదరాబాదులో మిత్రుని వద్దనో, సెకండ్ హ్యాండు దుకాణంలోనో బండి కొంటారు. అమ్మినవాడు ఖాళీ 29, 30 ఫారాలపై సంతకం చేసి ఇస్తాడు. ఆ కాగితాలు బీరువాలో చీరల అడుగున సంవత్సరాల తరబడి పడి ఉంటాయి. బండి ఇక్కడ తిరుగుతూ ఉంటుంది. పేరు మాత్రం అక్కడి మనిషిదే.

ఆ బండి రేపు జాతీయ రహదారిపై ఒకరిని ఢీకొన్నదనుకోండి. నష్టపరిహారానికి బాధ్యుడెవరు? పలుమార్లు చేతులు మారిన ఒక కారు విషయంలో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా తీర్పు చెప్పింది: రిజిస్టరులో ఎవరి పేరున్నదో చట్టం దృష్టిలో అతడే యజమాని, పరిహారపు భారం అతనిపైనే. డబ్బు పుచ్చుకొని బండిని మరచిపోయిన ఆ సోదరుని ఇంటికి ట్రిబ్యునలు నోటీసు వస్తుంది. బీమా గడువు తీరి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. గాయపడినవాని కుటుంబం కూడా ఎవరి వెంట తిరగాలో తెలియక తిరుగుతుంది. నమాజు, ఉపవాసాలలో ఎంతో శ్రద్ధ గల మనవారు హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి దాసుల హక్కుల వద్దకు వచ్చేసరికి దానిని "కాగితం పని" అని తేలికగా తీసివేయడం నాకు విస్మయం కలిగిస్తుంది. కొన్నవాడు ముప్పది దినాలలో తన కార్యాలయానికి తెలియజేయాలి. అమ్మినవానికీ విధి ఉన్నది: బండి వేరే రాష్ట్రానికి చేరితే నలుబది అయిదు దినాలలోగా పత్రాలు పంపాలి.

ఏజెంటును పెట్టుకోవచ్చునా అని అడుగుతారు. ఫారాలు నింపి వరుసలో నిలబడినందుకు అతనికి కూలి ఇవ్వడంలో తప్పు లేదు. ఉండని ఇంటి పేర అద్దె పత్రం పుట్టించమని అతనితో చెప్పడం అబద్ధపు సాక్ష్యం. లోపల ఇవ్వాలంటూ అతడు అడిగేది రిష్వత్. ఈ రెంటినీ "ఖర్చు" అనే ఒక్క మాట కింద కలిపివేయడం మనవారికీ అలవాటైపోయింది.

ఇక్కడికి వచ్చాక 27వ ఫారంతో దరఖాస్తు చేసి, బండిని చూపించి, జీవితకాల పన్ను చెల్లించాలి. కొత్త నెంబరు రాగానే బీమా పాలసీలోనూ మార్పించాలి. పన్నును బండి ధరను, వయసును బట్టి లెక్కిస్తారు గనుక కొన్ననాటి ఇన్‌వాయిసును వెతికి దగ్గర ఉంచుకోండి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలపు భాగాన్ని తిరిగి కోరే దరఖాస్తుకు ఇక్కడి కొత్త ఆర్‌సి నకలును జతచేయవలసి ఉంటుంది.