కంచంలో ఒక నిమ్మచెక్క

మొన్న మా కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. ఫ్రెండ్స్‌తో కలిసి హుషారుగా లైన్లో నిలబడ్డాను. వేలికి సూది గుచ్చి చూసిన సిస్టర్, "హిమోగ్లోబిన్ 10.8 ఉందమ్మా. కనీసం 12.5 ఉంటేనే తీసుకుంటాం. అసలు సరిగ్గా తింటున్నావా?" అంది.

"మూడు పూటలా తింటున్నానండీ" అన్నాను. అబద్ధం కాదు. నాతో పాటు మరో నలుగురు అమ్మాయిలు కూడా వెనక్కి వచ్చేశారు.

రూముకొచ్చి ఆలోచించాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం తెల్లన్నం, నీళ్ల సాంబారు, ఆలూ వేపుడు. రాత్రి మళ్ళీ అదే అన్నం. తిన్న వెంటనే టీ. కడుపు నిండుతోంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టట్లేదు. ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది.

"హెల్దీ ఫుడ్" అనగానే మనకి ఓట్స్, ప్రోటీన్ డబ్బాలు గుర్తొస్తాయి. నా ఉద్దేశంలో అవేవీ అక్కర్లేదు. మన మెస్‌లోనే మూడు మార్పులు చాలు.

ఒకటి, వారానికి మూడు రోజులు తోటకూర పప్పో, పాలకూర పప్పో చేసి, పక్కన ఒక నిమ్మచెక్క పెట్టాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి తేలిగ్గా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. వండేటప్పుడు వేస్తే వేడికి కొంత పోతుంది కాబట్టి కంచంలోనే పిండుకోవాలి.

రెండు, టీ. అది ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. మానేయక్కర్లేదు, తిన్నాక ఒక గంట ఆగితే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడు, సాయంత్రం బజ్జీల బదులు రెండు రోజులైనా ఉడికించిన శనగలు, పల్లీలు ఇవ్వాలి. పొద్దున ఒక రోజు రాగిజావ పోయాలి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాయలసీమ ఇళ్లలో రాగిసంగటి రోజువారీ తిండే, హాస్టల్‌కొచ్చాకే మనకది వింతైపోయింది.

ఈ మాట మెస్ అన్నతో అంటే నవ్వాడు. "పోయిన నెల తోటకూర పప్పు చేశానమ్మా. సగం డ్రమ్ములోకే పోయింది" అన్నాడు. నిజమే. ఆ రోజు పప్పు వదిలేసి నూడుల్స్ తెప్పించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి తప్పంతా మెస్‌దే అనడం న్యాయం కాదు. మెనూ మారాలి, మన నాలుకా మారాలి.

డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. కానీ తిండి మారకపోతే మాత్రలు ఆపగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఈసారి మెస్ కమిటీ మీటింగ్‌కి నేను వెళ్తున్నా. మీరూ రండి. వచ్చే ఏడాది శిబిరానికి ఆ ఐదుగురమూ మళ్ళీ లైన్లో నిలబడాలి.