కాంప్లెక్స్ కింద మనం

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. ఆ వారం గోదావరిఖనిలో అందరూ విమర్శకులే. నైట్ షిఫ్టు దిగొచ్చి నిద్ర ఆపుకొని మార్నింగ్ షో చూసినవాళ్లు, చాయ్ హోటల్ దగ్గర నిలబడి మార్కులు వేసినవాళ్లు, ఫోన్‌లో వచ్చిన రివ్యూనే తన మాటగా చెప్పినవాళ్లు. నేను కూడా చూశాను. అమితాబ్ అశ్వత్థామగా లేచి నిలబడ్డప్పుడు ఈల వేసినవాళ్లలో నేనూ ఉన్నానని ముందే ఒప్పుకుంటున్నాను. సినిమా నచ్చక రాస్తున్న వ్యాసం కాదిది. సినిమా మీద వచ్చిన మాటలు నచ్చక రాస్తున్నాను.

పత్రికల్లో, టీవీల్లో వచ్చిన సమీక్షలను గుర్తు చేసుకోండి. మొదటి సగం సాగదీశారు. ప్రభాస్ ఆలస్యంగా వచ్చాడు. గ్రాఫిక్స్ హాలీవుడ్ స్థాయిలో ఉన్నాయి. ఈ ముక్క ‘మ్యాడ్ మ్యాక్స్’లోది, ఆ ముక్క ‘డ్యూన్’లోది, ఇంకోటి ‘స్టార్ వార్స్’లోది. రెండో వారానికి చర్చ కురుక్షేత్రానికి పోయింది. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? వ్యాసుడు రాసిందేమిటి, నాగ్ అశ్విన్ తీసిందేమిటి? ప్రవచనాలు చెప్పే పెద్దలు కూడా దిగారు. అంటే మన తెలుగు విమర్శకుల దగ్గర రెండే తూకం రాళ్లున్నాయి. ఒకటి హాలీవుడ్, రెండోది మహాభారతం. సినిమాను ఆ రెండింటితో తూచారు గానీ, మన నేలతో తూచినవాడు నాకు కనబడలేదు.

కథ మీకు తెలిసిందే. కాశీ ఒక్కటే మిగిలిన నగరం. గంగ ఎండిపోయింది. పైన ఆకాశంలో తలకిందుల పిరమిడ్ లాగా కాంప్లెక్స్ వేలాడుతుంటుంది. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ అక్కడే ఉంటాయి. కింద దుమ్ము. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి. హీరో భైరవకు ఉన్న ఆశ కూడా అదొక్కటే. ఎవరిని పట్టిచ్చైనా సరే, యూనిట్లు సంపాదించి పైకి పోవాలి.

సమీక్షకులు దీన్ని ‘ఊహాలోకం’ అన్నారు. ఆగస్టులో సినిమా ఓటీటీకి వచ్చాక మా హాస్టల్ పిల్లలు చూశారు. మర్నాడు తిర్యాణి వైపు నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్లాడు నన్ను ఆపి అడిగాడు, “సార్, ఆ కాంప్లెక్స్ మన ఓసీపీలకెల్లి తీసిందే గదా?” నాకు అర్థం కాలేదు. వాడు నోట్‌బుక్కు తీసి బొమ్మ వేశాడు. ఓపెన్ కాస్ట్ గుంత. బెంచీలు బెంచీలుగా పైన వెడల్పుగా, కిందికి పోయిన కొద్దీ సన్నగా. దాని మీద, గాలిలో, సరిగ్గా అదే కొలతతో కాంప్లెక్స్. గుంతలో నుంచి తీసిన ముక్కను పైకి లేపి వేలాడదీసినట్టు. తలకిందుల పిరమిడ్ అంటే ఓపెన్ కాస్ట్ గుంత ఆకారమే! పెద్ద పెద్ద సమీక్షలు రాసినవాళ్లు ‘మ్యాడ్ మ్యాక్స్’ ఎడారి దాకా పోయారు. రామగుండం స్టేషన్‌లో దిగి ఉంటే సరిపోయేది.

ఆ పిల్లాడు చూసింది ఆకారం. నేను చూసింది యూనిట్లు. ఈ బెల్టులో పెరిగినవాళ్లకు ‘మస్టర్లు’ అనే మాట చెప్పనక్కరలేదు. బదిలీ వర్కర్‌గా చేరినవాడు ఏడాదికి ఎన్ని మస్టర్లు నిండాయో వేళ్ల మీద లెక్కబెట్టుకుంటూ బతికాడు. జ్వరం వచ్చినా బాయిలోకి దిగాడు, మస్టర్ పోతుందని. మస్టర్లు నిండితే పర్మినెంటు. పర్మినెంటైతే క్వార్టరు, నీళ్లు, కరెంటు, దవాఖాన, పిల్లలకు బడి. కాలనీ గోడకు అవతల కాంట్రాక్టు కార్మికుడి గుడిసె. భైరవ యూనిట్ల ఆశ చూసి థియేటర్‌లో నవ్వినవాళ్లలో ఎంతమంది తండ్రులు మస్టర్లు లెక్కబెట్టినవాళ్లో!

మరి ఆదివాసీలం ఎక్కడున్నాం? మస్టర్ల లెక్కలోకి కూడా రానివాళ్లం మనలో చాలామంది. సింగరేణి కథ 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు చూడడంతో మొదలైందని పుస్తకాల్లో రాసుకుంటారు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. అది కోయల నేల. ఆ పుస్తకాల్లో బొగ్గు ఉంటుంది, దొర పేరు ఉంటుంది, కంపెనీ పేరుంటుంది. ఆ అడవిలో అప్పటికే ఉన్నవాళ్ల పేర్లుండవు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు ఇవ్వడం చెల్లదని చెప్పింది. మంచి తీర్పు, మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు అడ్డు కాదు. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

సినిమాకూ మనకూ అసలు తేడా ఇక్కడే ఉంది. సినిమాలో కాంప్లెక్స్‌కు సుప్రీమ్ యాస్కిన్ ఉన్నాడు. ముసలి శరీరం, భయంకరమైన గొంతు, కమల్ హాసన్. వాణ్ణి చంపితే పీడ పోతుంది. మన కాంప్లెక్స్‌కు యాస్కిన్ లేడు. అది మన ప్రభుత్వానిదే. అందులో మన మేనమామ డంపర్ ఆపరేటర్, మన తమ్ముడు కొలువు కోసం పరీక్ష రాస్తున్నాడు. ఈ వ్యాసం రాస్తున్న గదిలో వెలిగే బల్బుకు కరెంటు కూడా బొగ్గు నుంచి వచ్చిందే. చెడ్డవాడు ఎవరో వేలు పెట్టి చూపలేని చోట అన్యాయం ఎలా జరుగుతుందో చెప్పడం కష్టం. సినిమా ఆ కష్టం పడలేదు. విమర్శకులు అది అడగలేదు.

ఇంకొకటి. అంత దోపిడీ చూపించిన సినిమా విడుదలకు చూపించిన దారి ఏమిటి? ఒక తల్లి కడుపులో దేవుడు పుడతాడు, ఆరు వేల ఏళ్లుగా కాపలా కాస్తున్న యోధుడు ఆమెను కాపాడతాడు, డబ్బుకు పనిచేసే హీరో చివరికి కర్ణుడని తేలుతుంది. దుమ్ములో బతికే కాశీ జనం చేసేదేమీ లేదు. శంబలవాళ్లు పోరాడతారు, నిజమే, కానీ వాళ్లు కూడా ఎదురుచూసేవాళ్లే. పుట్టుకే అన్నీ తేలుస్తుంది. అన్ని యుగాల మహాభారతంలో బొటనవేలు పోయిన ఏకలవ్యుడికి మళ్లీ పుట్టే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఇది కొత్త కాదు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. చివర్లో భీమ్ రాముణ్ణి తనకు చదువు కావాలని అడుగుతాడు. నేను టీచర్ని, చదువు వద్దనను. కానీ 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన కుమ్రం భీం అడిగింది జల్, జంగల్, జమీన్. అక్షరాల కోసం చేయి చాపిన భీం ఎవరి భీం అని మనవాళ్లు అడిగితే, ‘సినిమాను సినిమాగా చూడండి’ అన్నారు. ‘కల్కి’కి కూడా అదే జవాబు వస్తుందని తెలుసు.

సినిమాను సినిమాగానే చూడనక్కరలేదు. 2010లో ‘అవతార్’ ఆడుతున్నప్పుడు, నియమగిరి డోంగ్రియా కోందుల తరఫున జేమ్స్ కామెరాన్‌కు ఒక అమెరికా సినిమా పత్రికలో ప్రకటన వేశారు. మీ సినిమా కథ మా కొండ మీద నిజంగా జరుగుతోంది అని. ఆ సినిమాలోనూ రక్షకుడు బయటివాడే, ఆ తప్పు ఉంది. అయినా దాన్ని వాడుకున్నారు. 2013లో 12 గ్రామసభలు గనిని వద్దన్నాయి. కొండను నిలబెట్టింది సినిమా కాదు, గ్రామసభలు. కానీ సినిమాను ఎలా చదవాలో ఆ ప్రకటన నేర్పింది.

మనకూ కథ ఉంది. గుహలో మూతపడిన మన పూర్వీకులను పహండి కుపార్ లింగు బయటికి తెచ్చిన కథ. ప్రధాన్లు కిక్రి మీద పాడతారు. అందులోనూ నాయకుడున్నాడు, ఒప్పుకుంటాను. కానీ గుహ నుంచి బయటికొచ్చింది ఒక జాతి మొత్తం. చీకటి గుహ, మూసిన రాయి, బయట వెలుతురు. బాయిలో పనిచేసినవాళ్ల పిల్లలకు ఇది ఊహాలోకమా?

మొన్న తెలుగు పీరియడ్‌లో ‘ఈ సినిమాలో మీ ఊరు ఎక్కడుంది?’ అని రాయమన్నాను. చాలామంది ఫైటింగులే రాశారు, వాళ్ల వయసు అది. ఒకడు బ్లాస్టింగ్ అయినప్పుడు ఇంటి గోడకు వచ్చే పగులును కాశీలో చూశానని రాశాడు. ఒక అమ్మాయి, ఆడవాళ్లకు పేర్లు తీసేసి నంబర్లు ఎందుకు పెట్టారని అడిగింది. గోండి మాట్లాడే ఇంకో అమ్మాయి మూడే వాక్యాలు రాసింది: “బుజ్జి కారు మాట్లాడుతుంది. దానికి మా భాష రాదు. 2898లో మా భాష ఎవరికి వస్తుంది?”

టీచర్ మిత్రులారా, మీ బడిలోనూ ఇదే ప్రశ్న ఇచ్చి రాయించండి. తప్పులు దిద్దకండి, అట్లనే పంపండి. మన తర్వాతి పుస్తకంలో వేద్దాం.