మా పళ్ళు లెక్కబెట్టారు సరే, మా బోరు సంగతేంటి?

ఫ్లోరైడ్ పరీక్షలకి మేం వ్యతిరేకం కాదు. శిబిరం వస్తుందంటే బెంచీలు మోసేది, జనాన్ని పిలుచుకొచ్చేది మేమే. మేం అడిగేదల్లా ఒకటే: ఆ ఫలితం ఎవరి చేతికి పోతోంది?

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య శాస్త్రవేత్తలు అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని పరీక్షించి, నీళ్ళలో ఫ్లోరైడే ఈ ఎముకల రోగానికి కారణమని రాశారు. ఎనభై ఏళ్ళు దాటాయి. కనిగిరి పక్కా, నల్లగొండ పక్కా నడుములు వంగిపోయినోళ్ళు ఇంకా ఉన్నారు.

"నీళ్ళకి కూడా కులం అంటగడతారా మాస్టారూ?" అంటారు ఊరి పెద్దలు. అయ్యా, ఫ్లోరైడ్ రాతిలోంచి నీళ్ళలోకి కరుగుతుంది. ఒకే ఊళ్ళో ఒక బోరులో తక్కువ, ఇంకో బోరులో ఎక్కువ ఉండొచ్చు. మరి ఊరి నడుమ బోరు నీళ్ళు సీసాకి పట్టి 'గ్రామం క్షేమం' అని రాస్తే మాదిగపల్లె బోరు సంగతి ఎవరికి తెలుస్తుంది?

లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు లేకుంటే 1.5 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. కానీ ఎన్ని నీళ్ళు తాగితే అంత ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతుంది. ఎండలో కలుపు తీసే మా ఆడోళ్ళు ఎన్ని నీళ్ళు తాగుతారు? ఫ్యాను కింద ఆసామి ఎన్ని తాగుతాడు? ఆయనింటికి డబ్బా నీళ్ళొస్తాయి కూడా. పాలూ ఆకుకూరా కరువైన ఒంటి మీద ఈ విషం ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. కాచి తాగినా పోదు, నీళ్ళు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

1927లో మహద్ చెరువు నీళ్ళు తాగి అంబేడ్కర్ మన హక్కు చాటాడు. 1985లో కారంచేడులో తాగే చెరువుని పాడుచెయ్యొద్దన్న మాట మీదే మాదిగల్ని నరికారు. ఆనాటి మురికి కంటికి కనపడింది. ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే ఫలితం కాగితం మన చేతిలో ఉండాలి.

మా డిమాండ్లు ఇవి. పల్లెలో ప్రతి బోరునీ విడిగా పరీక్షించాలి. ఏ ఇంటివాళ్ళు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో పిల్లల పళ్ళతో, మూత్ర పరీక్షతో కలిపి రాయాలి. ఫలితం తెలుగులో ఇంటింటికీ ఇవ్వాలి, బోరు మీద రంగుతో రాయాలి. చెడ్డదని తేలిన రోజునుంచే మంచినీళ్ళు తేవాలి. వంగిన ఎముక తిరిగి రాదు, పిల్లల్నయినా కాపాడుకోవచ్చు.

2019లో మొదలైన జల్ జీవన్ పథకంలో ఊరికి ఐదుగురు ఆడోళ్ళకి నీటి పరీక్ష నేర్పాలన్నారు. ఆ ఐదుగురిలో మన పల్లెవాళ్ళెందరో అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ రాయడం రానోళ్ళుంటే బడికి రండి, మేం రాసిపెడతాం.

సోదరులారా, అక్కలారా! ఈసారి శిబిరంలో మీ పేరు రాసుకునేటప్పుడు, పక్కనే మీ బోరు పేరు కూడా రాయించండి. రాసిందాకా కదలొద్దు.

జై భీమ్!