కిన్నెరసాని నీళ్లు ఎవరి లెక్కలో?

కిన్నెరసాని పేరు ఎత్తగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి పడవ షికారు, జింకల పార్కు, ఫోటోలు. పుస్తకాలు చదివినవాళ్లకు విశ్వనాథ సత్యనారాయణ పాటలు గుర్తొస్తాయి. ఆ వాగు వెంబడి తరాలుగా బతుకుతున్న కోయవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తురారు. వచ్చినా, డోలు కొట్టి కొమ్ముల ఆట ఆడి అతిథులకు స్వాగతం చెప్పేవాళ్లుగానే గుర్తొస్తారు. మా కోయ భాషలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. వాగునీ దాని నీళ్లనీ విడదీసి చూడని జనాన్ని ఇవాళ ఆ నీళ్ల లెక్కలోంచే తీసేశారు. నా తగాదా దాని గురించే.

ముందు ఒక సంగతి సూటిగా చెప్పుకోవాలి. కిన్నెరసాని జలాశయం తనంతట తానుగా ఏర్పడిన సరస్సు కాదు. గోదావరిలో కలిసే నదికి అడ్డంగా, పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రం నీటి అవసరం కోసం కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు అవి. 1977లో చుట్టుపక్కల అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. మొదట కరెంటు, తర్వాత వన్యప్రాణి, ఆ తర్వాత విహారం. ఒక్కోసారి ఒక్కో పేరుతో ఆ నీళ్లకు కొత్త యజమాని వచ్చాడు. ఊళ్లో పుట్టినవాడికి మాత్రం ప్రతిసారీ ఒక కొత్త నిషేధం వచ్చింది.

"ఆదివాసీలు చేపలు పడతారు, పశువుల్ని తోలుతారు, అందువల్ల అభయారణ్యం చెడిపోతుంది" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. సరే, ఆ మాటనే తూకం వేద్దాం. జలాశయంలో మగ్గర్ మొసళ్లున్నాయి. మగ్గర్ ఆడమొసలి గట్టు వాలులో, ఇసుక నేలలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే కాలం. రెండు నెలలకు, అంటే వానలకు ముందు, పిల్లలు బయటకొస్తాయి. సరిగ్గా అదే కాలంలో బడులకు ఎండాకాలం సెలవులు. విహారానికి జనం వచ్చేదీ అప్పుడే. నీళ్లు తగ్గి గట్లు బయటపడేదీ అప్పుడే. ఒక కోయ ముసలాయన వలతో చిన్న తెప్ప మీద వెళ్తే మొసలికి ప్రమాదమట, మోటారు పడవ రొదతో గట్టు వెంబడి తిరిగితే ప్రమాదం కాదట! పాతరకం రెండు స్ట్రోకుల ఇంజనైతే పోసిన నూనెలో పావు వంతు దాకా కాలకుండానే నీళ్లలోకి పోతుంది. ఆ చమురుకి టిక్కెట్టు ఉంది కాబట్టి తప్పు కాదా? పరిరక్షణ అంటే అందరికీ ఒకే కొలత ఉండాలి. వలకి ఒక కొలత, పడవకి ఒక కొలత పెడితే దాన్ని పరిరక్షణ అనరు, పక్షపాతం అంటారు.

చట్టం కూడా మనల్ని దొంగలనడం లేదు. అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(1)(డి) చదవండి. నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద, పశువుల మేత మీద సామూహిక హక్కు ఉందని అందులో రాసి ఉంది. "అది అభయారణ్యంలో చెల్లదు" అని ఎవరైనా అంటే సెక్షన్ 2(డి) చూపించండి. అటవీ భూమి అనే మాటలో అభయారణ్యాలూ, జాతీయ పార్కులూ కలిసే ఉన్నాయి. సెక్షన్ 5 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. నీటి వనరులను, వాటిలోకి నీళ్లు వచ్చే పరివాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తుంది. పెసా చట్టం, 1996 షెడ్యూల్డు ప్రాంతాల్లోని చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. "కిన్నెరసాని పెద్ద జలాశయం, అది పెసాలోకి రాదు" అని వాదించేవాళ్లుంటారు. ఉండనివ్వండి. పెద్ద జలాశయంలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మన గూడేల పక్కన పారే వాగుల నుంచి, చెలమల నుంచి, కుంటల నుంచి. అవి చిన్నవే కదా! చిన్నవాటి మీద మన మాట చెల్లితే పెద్దదాని ఆరోగ్యం మీద మన మాట చెల్లకుండా ఎలా పోతుంది?

ఇక నీటి నాణ్యత. "నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇంకేం కావాలి?" అంటారు. అద్దంలా కనిపించే నీళ్లు మంచి నీళ్లని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపయోగాన్ని బట్టి నీళ్లను తరగతులుగా విడదీసింది. శుద్ధి చేయకుండా, క్రిమిసంహారం మాత్రమే చేసి తాగాలంటే అది ఎ తరగతి: లీటరులో కరిగిన ఆక్సిజన్ కనీసం 6 మిల్లీగ్రాములు ఉండాలి, 100 మిల్లీలీటర్లలో కోలిఫాం సంఖ్య 50 దాటకూడదు. స్నానానికి బి తరగతి: ఆక్సిజన్ 5, కోలిఫాం 500. చేపలకూ వన్యప్రాణులకూ డి తరగతి: ఆక్సిజన్ 4 ఉంటే చాలు. ఇప్పుడు నా ప్రశ్న: కిన్నెరసానిని ఏ తరగతిగా చూస్తున్నారు? విహారానికి వచ్చినవాడు సీసా నీళ్లు తెచ్చుకుంటాడు, వాడికి ఏ తరగతైనా ఒకటే. వాగులో కాళ్లు కడుక్కుని, అందులోనే చెలమ తీసుకుని తాగేవాళ్లకు మాత్రం ఆ అంకెలే ప్రాణం. పడవ టిక్కెట్టు ధర బోర్డు మీద రాసినంత పెద్ద అక్షరాలతో ఈ అంకెలు కూడా రాయాలి. నెలనెలా రాయాలి. తెలుగులో రాయాలి.

"పర్యాటకం వల్ల మీ పిల్లలకు ఉద్యోగాలొస్తాయి కదా" అని మూడో వాదన. ఉద్యోగం వద్దని నేను అనను. గేటు దగ్గర కాపలా, ఊడ్చే పని, వంటగదిలో గిన్నెలు కడగడం, ఇవేనా మన పిల్లలకు? పడవ నడిపే కాంట్రాక్టు, గదుల అద్దె, పార్కింగు రుసుము ఎవరికి పోతాయి? 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు ఏమంది? షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. ఆ కేసు గనుల మీద వచ్చింది కానీ, భూబదలాయింపు నిషేధం గనులకే పరిమితమని ఎక్కడా లేదు. ఒడ్డున లేచే ప్రతి గదికీ, ప్రతి దుకాణానికీ ఆ భూమి ఎవరి పేరున ఎలా వచ్చిందో అడగడం మన హక్కు.

ఇంత అడిగాక మన ఇంటివైపు కూడా చూసుకోవాలి. లేకపోతే ఎదుటివాడు మన నోరు ఇట్టే మూయిస్తాడు. వాగుల పైభాగాన ఇవాళ ఏం పండుతోంది? జొన్న, కొర్ర, సామ తగ్గాయి, పత్తి పెరిగింది. కౌలు పేరుతో బయటివాడు వేసిన పత్తయినా, మనమే వేసిన పత్తయినా, పురుగుమందు మొదటి వానకే వాగులోకి దిగుతుంది. యూరియా దిగితే నాచు పెరుగుతుంది. నాచు చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. కొన్నిచోట్ల మన కుర్రాళ్లే మడుగులో పురుగుమందు కలిపి చేపలు పడుతున్నారు. అది మన పెద్దల వేట కాదు. వేటకు ఒక కాలం ఉండేది, ఒక కట్టుబాటు ఉండేది. మందు కలిపితే చేపపిల్లా మిగలదు, ఆ నీళ్లు తాగే పశువూ మిగలదు. హక్కు అడిగే చేత్తో విషం కలపకూడదు.

అందుకని యువకులారా, తోటి ఉపాధ్యాయులారా, మూడు పనులు మన చేతిలోనే ఉన్నాయి. ఒకటి, ప్రతి గూడెంలో సామూహిక హక్కు పత్రం కోసం గ్రామసభలో తీర్మానం రాయించాలి. అందులో వాగుల పేర్లు, మడుగుల పేర్లు మన భాషలోనే రాయాలి. రెండు, నీళ్లలో మందు కలపడాన్ని, గట్టు మీద ప్లాస్టిక్ పారేయడాన్ని నిషేధిస్తూ అదే గ్రామసభలో కట్టుబాటు చేయాలి. ఆ కట్టుబాటు మనకూ వర్తించాలి, పర్యాటకుడికీ వర్తించాలి. మూడు, బడిపిల్లలతో నీళ్లను కొలిపించాలి. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక గుండ్రటి రేకుమూతకి నలుపు తెలుపు రంగులు వేసి, తాడు కట్టి, నీళ్లలోకి దించితే ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడిన సీసా మలం కలిసిందని హెచ్చరిస్తుంది. ప్రతి నెలా ఒకే చోట, ఒకే వేళ కొలిచి నోటుబుక్కులో రాస్తే రెండేళ్లలో అదే మన సాక్ష్యం.

అధికారి దగ్గర కాగితం ఉంటుంది. మన దగ్గర ఇన్నాళ్లూ మాటే ఉంది. మాటకి తోడు మన పిల్లలు రాసిన అంకెలు కూడా ఉంటే, కిన్నెరసాని గురించి ఏ సమావేశం జరిగినా మన కుర్చీ మనం వేసుకుని కూర్చోవచ్చు. స్వాగతం చెప్పడానికి డోలు పట్టుకుని వాకిట్లో నిలబడాల్సిన పని లేదు.